పసుపు కాగితం

ఆగస్టు ఎర్రనీళ్ళు లంక మీదికొచ్చి తీశాక
గడ్డివాము అడుగు నుంచి కుళ్ళుకుంటూ పైకొచ్చింది.
పచ్చిక ఒండ్రు కింద పడుకుంది.
అప్పుడే సామర్లకోట మిల్లుల వెనక నుంచి
ట్రక్కు ఆటోలో దిగింది కర్రపెండలం తొక్కు,
బస్తా నలభై రూపాయలు.

గుత్తుల మంగాయమ్మ రెండు బస్తాలు దింపించుకుంది.
రాత్రి గంపెడు తిన్న చుక్కగేదె
తెల్లారేసరికి కాళ్ళు చాపేసింది.

నేను పడవ దిగి వెళ్ళేసరికి పొట్ట ఉబ్బుతోంది.
సూది గుచ్చి తీస్తే నెత్తురు,
అంత ఎరుపు నేనెప్పుడూ చూడలేదు.
ఊపిరి ఒళ్ళంతా నిండే ఉంది,
దాన్ని వాడుకోవడమే ఒళ్ళు మరిచిపోయింది.
దిష్టి అన్నారెవరో.
రిజిస్టరులో కారణం గడి దగ్గర
పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను.

మంగాయమ్మ ఏడవలేదు.
పాలకేంద్రం పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.
పూటకి నాలుగు లీటర్లు, నాలుగు, నాలుగున్నర,
ఆ తరవాత గీతలు.

దుంపది తప్పనలేను.
మట్టిలోంచి కదల్లేని ప్రాణి
పందికొక్కుకి జవాబుగా దాచుకున్న చేదు అది.
తెల్లటి సగ్గుబియ్యం మనకిచ్చేసి
చేదంతా తొక్కలోనే ఉంచుకుంది.

కార్తీకంలో ఆఫీసు వాళ్ళు నా చేతిలో పెట్టారు
ఒక ప్యాకెట్టు బూడిదరంగు పొడి,
ఒక కట్ట పసుపు కాగితం ముక్కలు.
పొడిలో ప్రాణమున్న పురుగులున్నాయి, కంటికానవు అంటే
మంగాయమ్మ ప్యాకెట్టుని ఎండకి పట్టి చూసింది.
"పురుగుల మందు ఎరుగుదును గానీ
మందు పురుగులేంటండీ బాబూ?"

సూక్ష్మజీవులన్నాను, ఆమ్లమన్నాను,
శిక్షణలో బట్టీపట్టిన మాటలు
ఆవిడ గుమ్మం దగ్గరే తట్టుకుని పడ్డాయి.
ఆవిడ వంటింటి మూలకి చెయ్యి చూపింది.
తరవాణి కుండ.
అత్తగారి నాటి నుంచీ అడుగంటని పులుపు.
"మరి ఇదేగా?"
ఇదే. దాదాపు ఇదే.
మనం పేరు పెట్టకముందు నుంచీ
మన చద్దన్నంలో జీతం లేని కూలీలు.

తొక్కు తరిగాం.
బెల్లం నీళ్ళలో పొడి కలిపి చిలకరించాం.
నీలం డ్రమ్ములో కుక్కి, కాళ్ళు కడుక్కుని ఎక్కి తొక్కి,
పైన పట్టా, పట్టా మీద పొత్రం.
మొదటిరోజు ఏమీ లేదు.
రెండోరోజు మనవడు చెవి ఆనించి
"లోపలెవరో గుసగుసలాడుతున్నారే" అన్నాడు.
ఆరోరోజు మూత తీసేముందు
వాణ్ణి గట్టు మీదికి తరిమేసింది.
మిగిలిన చేదు గాలికి పోవాలి కదా,
తాటాకు చాప మీద పరిచి ఒక పూట ఆరనిచ్చాం.
ఈగలు మాత్రం సంతోషంగా వచ్చాయి.

రెండు సీసాలు.
ఒకదాంట్లో పచ్చితొక్కు, ఒకదాంట్లో పులిసింది.
రెంటికీ మూతకి వేలాడుతూ పసుపు కాగితం.
రాత్రంతా గూట్లో ఉంచాం.

పొద్దున్నే మొదటి కాగితం ఇటుక రంగు.
ఆ సూదిలోని నెత్తురు మళ్ళీ కళ్ళలో మెదిలింది.
రెండోది పసుపే.
కాదు, అంచున కాస్త మాసింది.
వాకిట్లో వెలుతురులోకి తీసుకెళ్ళాను, ఆవిడా వెంటే వచ్చింది.
ఇద్దరం ఒక కాగితం ముక్క మీదికి వంగాం,
జాతకం చూసేవాళ్ళలా.
"పసుపేనా?"
"పసుపే. అయినా గంపెడొద్దు,
గడ్డిలో కలిపి దోసెడు."

అప్పుచేసి తెచ్చిన కొత్త పెయ్య
వాసన చూసి మొహం తిప్పుకుంది.
రెండోసారి ముట్టె ముంచి తుమ్మింది.
మూడోసారికి నేను రేవుకి వెళ్ళిపోవాల్సొచ్చింది,
ఆఖరి పంటు తప్పిపోతుంది.

తెల్లవారుజామున ఫోను మోగింది.
గుండె ఆగినంత పనయింది.
అవతల మంగాయమ్మ ఏమీ మాట్లాడలేదు,
ఫోను ఎక్కడో కిందికి దించి పట్టుకున్నట్టుంది.
చీకట్లో తడితడిగా, తొందరేమీ లేకుండా
ఒక చప్పుడు.
నెమరు.